నలభై ఎడమ చేతులు

పోయినవారం మనం కుట్టు దుకాణంలో, కటింగ్ బల్ల దగ్గర ఆగాం. కాలేజీ ల్యాబు కోట్లు ఇరవై కుట్టాలి. వాటికి చేతులు నలభై కావాలి. అందులో ఇరవై కుడివి, ఇరవై ఎడమవి అని చెప్పడానికి దర్జీపని తెలియనక్కర్లేదు, మనిషి రూపం తెలిస్తే చాలు. కానీ చిన్న మాస్టరు కోసిన నలభైకి నలభై ఎడమ చేతులే అయి కూర్చున్నాయి. దుకాణం యజమానురాలు, అంటే చిన్న మాస్టరు భర్తకు సొంత అక్క, ఆమెకు వదిన, ఆ చేతులన్నీ తెచ్చి బల్ల మీద కుప్ప పోసింది. "ఎనిమిదో నెల కడుపేసుకుని ఈ పని వద్దంటే విన్నావా? ఇప్పుడెవరికి తొడుగుతావు ఇవి?" అని, ఆమె చేతిలోని కత్తెర లాక్కుని గోడ మేకుకు తగిలించింది.

ఆ కత్తెర చిన్న మాస్టరు తండ్రిది. ఆయన్ను ఊరంతా మాస్టరు అనేవారు. ఆయన బల్ల పక్కన ముక్కాలిపీట వేసుకుని పని నేర్చుకున్న పిల్ల కాబట్టి ఈమె చిన్న మాస్టరు అయింది. పెళ్లయి ఈ దుకాణానికొచ్చి ఐదేళ్లయినా పేరు అదే నిలిచింది. ఎవరొచ్చినా కొలతలు ఆమెకే ఇవ్వాలంటారు. ఇరవై పొరల గుడ్డ ఒకేసారి పరిచి కరెంటు కట్టరుతో కోసినా, అంచులు ఆ పాత కత్తెరతోనే సరిచేస్తుంది. అది మేకుకెక్కిందంటే ఆమె బల్ల దిగిపోయినట్టే లెక్క. బల్ల దిగిన మనిషిని బిడ్డ పుట్టాక మళ్లీ ఎవరు ఎక్కించుకుంటారు? అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనలేదు, అంతే.

కాబట్టి ఆ మర్నాడు, ఈ మధ్యాహ్నం, చిన్న మాస్టరు బల్ల దగ్గర లేదు. మూల పొట్టి పీట మీద కూర్చుని గుండీలు కుడుతోంది.

పొట్టి పీట మీద వంగి కూర్చోవడమంటే ఆమెకు ఇప్పుడు నరకమే. కుడి రొమ్ము కింద, పక్కటెముకల అంచున, ఎవరో లోపల్నుంచి బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు నెలన్నరగా ఒకటే నొప్పి. పొద్దున పలచగా మొదలై మధ్యాహ్నానికి వీపులోకి పాకుతుంది. దగ్గొస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. పొట్ట కింద చెయ్యి పెట్టుకుని ఊపిరి బిగబట్టి దగ్గడం కూడా ఒక విద్యలా నేర్చుకుంది.

"ఇలా వెనక్కి ఆనుకో తల్లీ," అంటూ కాజాల పిన్ని తన వీపు కింది దిండు తీసి ఆమె నడుముకు పెట్టింది. పిన్ని ఈ దుకాణంలో గుండీల కాజాలు కుడుతూనే ముసలిదయింది. బల్లకు నాలుగడుగుల దూరంలో, కిటికీ కింద ఆవిడ చోటు. అక్కణ్నుంచి దుకాణమంతా కనిపిస్తుంది. నిన్నటినుంచి మాత్రం పిన్ని కళ్లు కాజా మీదనుంచి లేవడం లేదు.

"మీకో, పిన్నీ?"

"నాకేమొచ్చింది? నేను మోసేదేముంది ఇప్పుడు?"

నొప్పి గురించి చిన్న మాస్టరు ఇక్కడ భర్తతో తప్ప ఎవరితోనూ నోరు విప్పలేదు. విప్పితే ఏమంటారో తెలుసు. మేమూ కన్నాం, మేమూ చేశాం అంటారు. అందుకే పోయిన నెల చెప్పాపెట్టకుండా క్లినిక్కు వెళ్లి అక్కడి నర్సమ్మతో చెప్పుకుంది. నర్సమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు. "బిడ్డ పైకి తోస్తోంది, పక్కటెముకలు పక్కలకు విచ్చుకుంటున్నాయి. మధ్య కండరాలన్నీ సాగుతున్నాయి. నొప్పి పుట్టకేం చేస్తుంది?" అంది. ఆ మాట నిజమో కాదో చిన్న మాస్టరు ఇంటికెళ్లి టేపుతో చూసుకుంది. రొమ్ముల కింద చుట్టుకొలత మూడు అంగుళాలు పెరిగింది. మాటకన్నా టేపును నమ్మే మనిషి ఆమె. తన నొప్పికి కొలత దొరికినందుకు ఆ రోజు హాయిగా ఏడ్చింది.

నర్సమ్మ చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేసింది. లోపలి బట్టలు విప్పదీసి వదులుగా కుట్టుకుంది. కడుపు నిండా ఒకేసారి తినడం మానేసింది. మధ్యాహ్నం అరగంట వెనకగదిలో ఎడమవైపు తిరిగి, పొట్ట కింద ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుని పడుకునేది. నొప్పి మొదలైతే గోడ దగ్గరికి వెళ్లి, కుడిచెయ్యి పైకెత్తి గోడకు ఆనించి, మెల్లగా ఎడమకు ఒరిగి పదిసార్లు నిండుగా ఊపిరి తీసేది. నాలుగో ఊపిరికో ఐదో ఊపిరికో పట్టు వదిలేది. గోరువెచ్చటి గుడ్డ పెట్టుకుంటే ఇంకాస్త నయం. ఇవన్నీ చెప్పి నర్సమ్మ చివర్న ఒక మాటంది. "ఇది కదిలితే తగ్గే నొప్పి. ఎలా కూర్చున్నా, ఎటు ఒరిగినా తగ్గని నొప్పి పైన కుడిపక్కన వచ్చిందనుకో, దానితో తలనొప్పి, కళ్లముందు చుక్కలు, ఒళ్లు ఉబ్బడం కలిసిందనుకో, అది వేరు. అప్పుడు ఎవర్నీ అడగొద్దు. ఉన్నపళంగా వచ్చెయ్."

బల్ల కింద ఇటుకలు పెట్టించమని చెప్పిందీ ఆవిడే. బల్ల జానెడు లేస్తే అంతగా వంగక్కర్లేదని. ఆమె అడిగిన సాయంత్రమే భర్త ఎనిమిది ఇటుకలు మోసుకొచ్చి, కాలికి రెండు చొప్పున పెట్టాడు. ఆ రోజు అతని మీద ఆమెకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేం. మూడోరోజు పొద్దున వచ్చేసరికి ఇటుకలు లేవు, బల్ల యథాప్రకారం కిందికి దిగింది. వదినే తీయించి ఉంటుందని మనసులో తిట్టుకుని ఊరుకుంది.

పన్నెండో గుండీ దగ్గర పక్క పట్టేసింది. సూది గుండీలోనే వదిలేసి లేచి వెనకగదిలోకి నడిచింది. పొద్దుటినుంచి తల దిమ్ముగా ఉంది. చెప్పులు కూడా బిగుసుకుపోయాయి. నిన్న మధ్యాహ్నం నుంచి పడ్డ మాటలకు ఆమాత్రం తల నొప్పెట్టదా అని సరిపెట్టుకుంది.

వెనకగదిలో గోడ పక్కనే ముక్కల గోనె ఉంటుంది. కోసిన గుడ్డ తాలూకు అంచులు, కత్తిరింపులు అందులో పడేస్తారు. చెయ్యి గోడకు ఆనించి, తల ఒరగేసి ఊపిరి తీస్తుంటే ఆమె చూపు ఆ గోనె మూతి మీద పడింది. నిన్న కోసిన తెల్ల డ్రిల్లు గుడ్డ అంచులు పైనే ఉన్నాయి. ఒక అంచు మీద పెన్సిలుతో ఏడు అంకె.

ఇక్కడ ఆమె పని పద్ధతి ఒకటి చెప్పాలి. గుడ్డకు మొహం, వీపు ఉంటాయి. పొరకు రెండు చేతుల చొప్పున, పొరలన్నీ మొహం పైకే పరిచి కోస్తే వచ్చేవన్నీ ఒకే వైపు చేతులవుతాయి. ఒక పొర మొహం కిందికి, తర్వాతి పొర మొహం పైకి, అలా మార్చి మార్చి పరిస్తేనే కుడీ ఎడమా జతలుగా వస్తాయి. తెల్ల డ్రిల్లులో ఆ తేడా కంటికి దొరకదు. మొహం మీద ఏటవాలు గీతలు వేలికి గరగరా తగులుతాయి, వీపు నున్నగా ఉంటుంది. అందుకని మాస్టరు కూతురికి రెండు అలవాట్లు నేర్పాడు. ఒకటి, పరిచేటప్పుడే ప్రతి పొర అంచు మీద, పైకి కనిపించే వైపు, సన్నగా వరస అంకె వేయడం. రెండోది, కోసే ముందు మూలలు ఎత్తి ఒక్కో పొరనూ వేళ్లతో తడమడం. నిన్న మొదటిది చేసింది. రెండోది చేయలేదు.

వంగడం ఆమె వల్ల కాదు. కాలితో గోనెను పక్కకు తోసింది. అంచులు నేల మీద జారాయి. కాలి వేళ్లతో ఒక్కోటీ పైకి లాగి అందుకుంది. అందుకున్నదాన్ని బొటనవేలితో రుద్దింది. ఏడు, వీపు మీద ఉంది. ఎనిమిది, మొహం మీద. తొమ్మిది, వీపు మీద. పది, మొహం మీద. ఇరవై అంచులూ దొరికాయి. బేసి అంకెలన్నీ వీపు మీద, సరి అంకెలన్నీ మొహం మీద.

అంటే ఆమె పరచడం సరిగ్గానే పరిచింది. తర్వాత ఎవరో పొర విడిచి పొర తిరగేశారు. ఆ పక్కగదిలో, ఆ బల్ల మీద, ఆమె ఇక్కడ ఎడమవైపు తిరిగి పడుకున్న ఆ అరగంటలో.

ఇరవై అంచులూ ఎడమచేతికి చుట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. వదిన బల్ల దగ్గర నిలబడి నలభై చేతులనూ కట్టలు కడుతోంది. భర్త తన మిషను మీద కోటు భుజం కుడుతున్నాడు.

"వదినా, ఒక్క నిమిషం ఇవి చూడండి."

"గుండీలు అయ్యాయా?"

"అవుతాయి. ముందు వీటిని చేత్తో తడమండి. అంకె ఏ వైపు ఉందో చూస్తూ తడమండి."

వదినకు గుడ్డ తెలియక కాదు. ఈ దుకాణాన్ని ఒక్క మిషనుతో మొదలుపెట్టి నిలబెట్టిన మనిషి ఆవిడ. మొదట విసుగ్గా ఒకటి అందుకుంది. తర్వాత రెండోది. నాలుగోదానికి ఆవిడ వేళ్లు నెమ్మదించాయి. ఆరోదాని దగ్గర తలెత్తి తమ్ముడి వైపు చూసింది. చూసింది క్షణమే, వెంటనే తిప్పేసుకుంది. కానీ చిన్న మాస్టరు ఆ చూపు చూడనే చూసింది.

"అయితే ఏంటి?" అంది వదిన. "అంకెలు వేసుకున్నావు. వేసుకుని ఏం లాభం, పరిచింది తప్పయ్యాక?"

"నేను తప్పు పరిచుంటే అంకెలన్నీ మొహం మీదే ఉండేవి. మీకు నేను చెప్పాలా? నేను పరిచింది ఒకటి, నాచేత కోయించింది ఇంకొకటి. మధ్యలో నేను లోపల పడుకున్నాను. బయట ఉన్నది మీరు ముగ్గురే."

మిషను చప్పుడు ఆగిపోయింది. ఎవరూ అడక్కుండానే కాజాల పిన్ని, "నన్నడక్కు తల్లీ," అంది. దారం తెంపబోయి వేలు కోసుకుని నోట్లో పెట్టుకుంది.

అడక్కముందే వచ్చిన ఆ జవాబుతో చిన్న మాస్టరుకు సగం తెలిసిపోయింది. మిగతా సగం ఆమె మొగుడి వీపు చెప్పింది. ఐదేళ్లుగా ఆ వీపు వెనక నిలబడి గుడ్డ కోసిన మనిషికి, అది ఎప్పుడు బిగుసుకుంటుందో తెలియదా?

"మీరా?" అంది.

అతను కోటు భుజాన్ని మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. చివరికి తిరక్కుండానే, "నీ మంచికే చేశాను," అన్నాడు.

"నా మంచి."

"రోజూ నొప్పి, నొప్పి అంటావు. నిద్రలో మూలుగుతావు. కూర్చోవే అంటే కూర్చోవు. ఎలా చెప్తే వింటావు నువ్వు? ఒక్కసారి పని తేడా వస్తే నీ అంతట నువ్వే విశ్రాంతి తీసుకుంటావనుకున్నాను. నిన్ను నలుగురిలో పెట్టి అనిపించాలని కాదు."

"మరి అన్నప్పుడు ఎందుకు ఊరుకున్నారు? చేతులు జత పెట్టి చూసి, 'అక్కా, ఇదేంటి ఇన్ని ఎడమవే ఉన్నాయి' అని ఆశ్చర్యపోయింది మీరేగా? ఎంత బాగా ఆశ్చర్యపోయారు. నేను కూడా నమ్మాను."

 ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో ఇంకో సంగతి తట్టింది.

తడమకుండా కోస్తుందని అతనికెలా తెలుసు?

ఇరవై పొరల మూలలు ఎత్తి తడమాలంటే బల్ల అవతలి అంచు దాకా వంగాలి. వంగితే పక్కటెముకల కింద కత్తి దిగినట్టుంటుంది. అందుకని పది రోజులుగా ఆ అలవాటు మానేసింది. అది పనిలో దొంగతనమని ఆమెకు తెలుసు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, పిన్నికి కూడా చెప్పలేదు. ఒక్కరికే చెప్పింది. వీపుకు వేడిగుడ్డ పెడుతున్న మొగుడితో, అతని చేతి కింద కళ్లు మూసుకుని పడుకుని, "వంగలేకపోతున్నానండీ, తడమకుండానే కోసేస్తున్నాను, నాన్న చూస్తే చంపేసేవాడు," అని చెప్పుకుంది. అతను నవ్వి, "నీ చేతికి తప్పు రాదులే," అన్నాడు.

"నా నొప్పి మీకు చెప్పుకున్నాను," అంది ఇప్పుడు. గొంతు పెరగలేదు. "ఇక్కడ ఇంకెవరికీ చెప్పలేదు. మీకే చెప్పుకున్నాను. సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టారు."

"అంత మాటనకు."

"ఇటుకలు కూడా మీరేనా తీసింది?"

"అక్క అడ్డంగా ఉన్నాయంది..."

"నేను అడ్డమన్నానా?" అని వదిన తమ్ముడి వైపు తిరిగి అందుకుంది. "బల్ల ఎత్తు పెరిగితే రేపు నువ్వు కోసేటప్పుడు నీకే ఇబ్బంది అన్నాను. అదీ నా మీదకే తోస్తావా?"

నోరు జారిందని వదినకు ఆ మాట పూర్తయ్యాక గాని తెలియలేదు. రేపు నువ్వు కోసేటప్పుడు. ఆ మాట బల్ల మీద, ఆ నలభై చేతుల మధ్య పడి ఉండిపోయింది. చిన్న మాస్టరు ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది.

"ఓహో. బల్ల అప్పుడే పంచుకున్నారన్నమాట."

"పంచుకోవడమేంటి?" వదిన గొంతు లేచింది. "నా దుకాణం, నా బల్ల. పురుడొచ్చాక ఎన్నాళ్లకొస్తావో నీకే తెలీదు. వచ్చిన గిరాకీని అన్నాళ్లూ నేను పక్కన కూర్చోబెట్టుకోనా? నువ్వు దిగాక బల్ల నీదేరా అన్నాను వాడితో. అది తప్పా? గుడ్డ పాడుచెయ్యమని నేను చెప్పలేదు. ఆ తెలివి వాడిదే. కాలేజీవాళ్లకు నేనేం చెప్పుకోవాలో అది నా ఖర్మ."

"తిరగేశాడని మీకెప్పుడు తెలిసింది?"

వదిన చేతుల కట్టకు ముడి వేసింది. ముడి వేసిన తీరులోనే తెలిసిపోయింది, కత్తెర లాక్కునేటప్పటికే ఆవిడకు తెలుసని.

అప్పుడు అతను లేచి నిలబడ్డాడు. ఇంతసేపూ దాచుకున్నది పొంగింది కాబోలు, మొహం ఎర్రబడింది. "ఐదేళ్లు," అన్నాడు. "ఐదేళ్లనుంచి నువ్వు కోసి పడేస్తే నేను కుడుతున్నాను. గుమ్మంలోకి వచ్చినవాడల్లా 'మాస్టరు లేరా' అంటాడు. నేను ఎదురుగా కూర్చునుంటాను. టేపు నా మెళ్లో ఉంటుంది. అయినా మాస్టరు లేరా అంటాడు. నా పెళ్లాం వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటాడు. నీకెప్పుడైనా అనిపించిందా, నాకెలా ఉంటుందో?"

అనిపించింది. అదే ఆమెకు మరీ చేదుగా ఉంది. ఎన్నోసార్లు అనిపించింది కాబట్టే ఎంత బాగా కోసినా ఇంట్లో ఆ ముక్క ఎత్తేది కాదు. కాలరు కుట్టడంలో మిమ్మల్ని మించినవాడు లేడని నలుగురిలో అనేది. అది నిజం కూడా. నేర్చుకుంటానని ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే, తండ్రి నేర్పిన అంకెల గుట్టుతో సహా చెప్పేసేది. ఆ అంకెలు ఎందుకేస్తుందో అతను ఐదేళ్లలో ఒక్కనాడూ అడగలేదు. లెక్క కోసమనుకున్నాడు.

"అడిగితే నేర్పేదాన్నిగా," అంది.

"పెళ్లాం దగ్గర నేర్చుకోమంటావా?"

 ఆమె మేకు వైపు నడిచింది. చెయ్యెత్తి కత్తెర అందుకోబోయేసరికి కుడి పక్క అంతా ఒక్కసారిగా బిగుసుకుంది. ఇన్నాళ్లూ నొక్కిన బొటనవేలు కాదు ఇది. పిడికిలి. ఎముకల కింద, లోపల ఎక్కడో. మేకు పక్కనే గోడ ఉంది కాబట్టి అలాగే చెయ్యి గోడకు ఆనించి, ఎడమకు ఒరిగి, కళ్లు మూసుకుని ఊపిరి తీసింది. ఒకటి, రెండు, మూడు. అలవాటుగా ఐదు దాకా లెక్కపెట్టింది. పట్టు వదల్లేదు. పది దాకా వెళ్లింది. ఎక్కడిదక్కడే ఉంది. నిటారుగా నిలబడి చూసింది, ముందుకు వంగి చూసింది. ఎటు ఒరిగినా దానికి లెక్కలేదు.

కళ్లు తెరిచింది. ముంజేతి మీద తెల్లగా చుక్కలు కనిపించాయి. మార్కింగ్ సుద్ద పొడి అంటుకుందనుకుని రెండో చేత్తో దులిపింది. పోలేదు. మళ్లీ దులిపింది. చుక్కలు చేతి మీదనుంచి గోడ మీదికి జరిగాయి, గోడ మీదనుంచి మొగుడి చొక్కా మీదికి పోయి మిణుకుమన్నాయి. ఈరోజు తను సుద్ద ముట్టుకోనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.

నర్సమ్మ మాట చెవిలో చెప్పినట్టు వినిపించింది. అది వేరు. అప్పుడు ఎవర్నీ అడగొద్దు.

కానీ ఆరు వీధులవతల ఉన్న క్లినిక్కు ఆమె ఒక్కతే ఎలా వెళ్తుంది? అడక్క తప్పలేదు.

"నన్ను క్లినిక్కు తీసుకెళ్లండి," అంది. "ఇప్పుడే. ఇది మామూలు నొప్పి కాదు. కళ్లముందు చుక్కలొస్తున్నాయి."

అతను గబుక్కున పక్క మేజాబల్ల మీది స్కూటరు తాళం అందుకున్నాడు. ఆ ఒక్క క్షణం అతను ఇటుకలు మోసుకొచ్చిన మొగుడే. రెండడుగులు వేశాడు కూడా.

"భలే టైముకు వచ్చింది నొప్పి," అంది వదిన, కట్ట పక్కకు తోస్తూ. "ఇంతసేపూ నిలబడి పంచాయితీ పెట్టినప్పుడు లేదు. కత్తెర చేతికి రాకపోయేసరికి వచ్చింది. ఒరేయ్, కోట్లు ఎల్లుండి ఇవ్వాలి, నువ్వు కూర్చో. కాసేపు లోపల పడుకుంటే అదే తగ్గుతుంది. రోజూ తగ్గుతున్నదేగా?"

అతను ఆగాడు. తాళం చేతిలోనే ఉంది. పెళ్లాం వైపు చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు. అక్కను చూస్తూ నిలబడ్డాడు.

ఆ చూపును చిన్న మాస్టరు కొలవనక్కర్లేదు. ఐదేళ్ల కాపురంలో ఎన్నిసార్లు చూసిందో. ఈసారి తాళం అడగలేదు, బతిమాలలేదు. మేకు మీది కత్తెర వైపు కూడా చూడలేదు. రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని, బల్లను దాటి, నలభై ఎడమ చేతులను దాటి, గుమ్మం వైపు నడిచింది.

"తల్లీ, ఆగు. నేనొస్తున్నా." కాజాల పిన్ని ఒళ్లోని కోటు కింద పడేసి, కీళ్లు పట్టేసిన కాళ్లను కూడదీసుకుంటూ కిటికీ చట్రం పట్టుకుని లేస్తోంది. "నిన్ననే చెప్పాల్సింది. నా కళ్లతో చూసి కూడా నోరు మూసుకున్నాను. ఆగు, నా చెయ్యి పట్టుకో."

పిన్ని చెయ్యి ఇంకా నాలుగడుగుల దూరంలో ఉంది. చిన్న మాస్టరు అప్పటికే గుమ్మం దాటి వీధి ఎండలోకి వచ్చేసింది. ఆ దుకాణానికి ఉన్నది ఒకటే మెట్టు. ఐదేళ్లుగా కళ్లు మూసుకుని ఎక్కి దిగిన మెట్టు. ఇప్పుడు ఆమెకు అక్కడ రెండు మెట్లు కనిపించాయి, రెండింటి మీదా తెల్లటి చుక్కలు.

పొట్టను గట్టిగా పట్టుకుని, రెండింటిలో ఒకదాని మీద కాలు మోపింది.